నేను వద్దన్న వీధిపోటు ఇల్లు

పద్మారావు నగర్‌లో ఆ ఇల్లు ముందు చూసింది నేను. మా యారాలు, అంటే మా మరిది భార్య, ఇప్పుడు అందులో కాపురం ఉంటోంది. ఉండనీ. ముందు చూసింది మాత్రం నేనే.

పాత ఇల్లు. రెండు గదులు, ఒక హాలు, ముందు కాస్త జాగా, గోడ పక్కన మందార చెట్టు. కార్ఖానా బస్తీలో ఏళ్ల తరబడి కిరాయికి ఉన్నదాన్ని కదా, అడుగు పెట్టగానే మంచం ఎక్కడ వేయాలో, బియ్యం డబ్బా ఎక్కడ పెట్టాలో మనసులో సర్దేసుకున్నాను. ఈలోగా మాతో వచ్చిన వాస్తు పంతులు గేటు దగ్గర నిలబడి తల అడ్డంగా ఊపాడు. ఎదురు వీధి నేరుగా వచ్చి ఆ గేటుకే తగులుతోంది. "వీధిపోటమ్మా. ఇంటి యజమానికి మంచిది గాదు" అన్నాడు. మా ఆయనకు అసలే బీపీ. ఇంకేం చూస్తాం? చెప్పులేసుకుని వచ్చేశాం.

అక్కడితో నోరు మూసుకుంటే బాగుండేది. ఆ వారమే చుట్టాలింట్లో ఫంక్షన్‌కు పోయి, పది మంది ముందు దాన్ని కథలా చెప్పి నవ్వించాను. యారాలు ఒక్కతే నవ్వలేదు.

"అక్కా, ఆడ నల్లా ఎప్పుడొస్తది?" అంది.

"నేను ఇల్లు చూస్తందుకు పోయిన గని నల్లా చూస్తందుకా?" అన్నాను. దానికీ అందరూ నవ్వారు. ఆమె మాత్రం ఇల్లెక్కడో వివరంగా అడిగింది. నేనే గొప్పగా చెప్పాను.

తర్వాత తెలిసింది ఆమె చేసిన పని. నల్లా నీళ్లు వచ్చే పొద్దున పోయి, పక్కింటావిడ బిందె నిండడానికి ఎంతసేపు పడుతుందో నిలబడి చూసిందట. వాన దంచి కొడుతున్న ఓ సాయంత్రం గొడుగేసుకుని, నీళ్లు ఎటు పోతున్నాయో చూసిందట. వీధి మొదట్లో ఇస్త్రీ చేసే ఆయనకు రెండు చీరలిచ్చి, అవి అయ్యేదాకా అక్కడే కూర్చుని ఎవరు ఎలాంటివాళ్లో, ఎవరు ఎందుకు ఖాళీ చేసి పోయారో అన్నీ రాబట్టిందట. కాగితాల్లో ఉన్న జాగా, నేల మీదున్న జాగా ఒకటేనా అని టేపు పెట్టి కొలిపించిందట. విని నేను "పనిలేక" అన్నాను.

ఆ ఇల్లు వాళ్లే కొన్నారు. గృహప్రవేశానికి పోయాను. ఒంటి మీద పట్టుచీర, కడుపులో మంట. ఒక్క లోపమైనా దొరక్కపోతుందా అని స్నానాల గదిలోకి పోయి నల్లా తిప్పాను. నీళ్లు ధారగా దూకి నా కుచ్చిళ్లు తడిపాయి. గోడలు తట్టి చూశాను, గట్టిగానే ఉన్నాయి. మరి వీధిపోటు? గేటు పక్క గోడలో చిన్న గూడు చేయించి, వీధికి ఎదురుగా వినాయకుణ్ణి కూర్చోబెట్టింది. అంతే! అయ్యో, మా పుట్టింటి గల్లీలోనే అలాంటి గూళ్లు రెండున్నాయి. పంతులుకు తెలియదా? తెలుసు. మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ వీధి మీదుగా గాలి రయ్యిన హాల్లోకి వస్తోంది. అందరూ "ఏం గాలి, ఏం గాలి" అంటుంటే నాకు నోట్లో గులాబ్‌జామూన్ చేదెక్కింది. ఓర్వలేకపోయాను. ఇందులో దాచేదేముంది?

ఇంటికి రాగానే మా ఆయన్ని పట్టుకున్నాను. మనకూ ఇల్లు కావాలి, వెంటనే కావాలి, దానికంటే పెద్దది కావాలి. మల్కాజ్‌గిరిలో దొరికింది. మూడు గదులు, తూర్పు ముఖం, ఈశాన్యంలో దేవుడి గది. పంతులు మురిసిపోయాడు. "ఈశాన్యం పల్లం చూసిన్రా? ఏడ చుక్క పోసినా ఈడికే పారుతది. ఇట్లాంటిది దొరకదమ్మా." నాలుగుసార్లు పోయి చూశాం. నాలుగుసార్లూ మంచి తిథి, మంచి ఘడియ, నిఖార్సైన ఎండ.

బయానా డబ్బు, అంటే అడ్వాన్సు, ఇచ్చే ముందు రోజు యారాలు ఫోన్ చేసింది.

"అక్కా, జెర ఆగు. నేను ఆ గల్లీకి పోయొచ్చిన. రోడ్డు మీ గేటుకంటే మీదికున్నది. గోడకు మోకాలెత్తు దాంక చెమ్మ మరకలున్నయి. ఒక్క వాన పడ్డంక చూసి ఇయ్యుండ్రి."

నేనేమన్నానో పొల్లుపోకుండా గుర్తుంది.

"నీ ఇంటికంటే పెద్దగున్నదని ఏడుస్తున్నవా?"

"గట్ల గాదక్కా" అని పెట్టేసింది.

కొత్తింట్లో చేరిన రెండో నెలలో, ఓ మధ్యాహ్నం గంటసేపు వాన పడింది. నీళ్లు ఎటు నుంచి వచ్చాయనుకున్నారు? ఈశాన్యం నుంచే. పంతులు మెచ్చిన ఆ పల్లంలో నుంచి, మోరీ మురుగు కంపుతో సహా, సరాసరి దేవుడి గదిలోకి. మా ఆయన చీపురు పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. నేను దేవుడి పటాలు ఒళ్లో పెట్టుకుని మంచమెక్కి ఏడుస్తున్నాను. యారాలికి ఎవరు చెప్పారో, ఆటోలో వచ్చి దిగింది. కుచ్చిళ్లు పైకి దోపుకుని లోపలికొచ్చింది.

"అక్కా, బియ్యం డబ్బా ఏడున్నది? ముందుగాల దాన్ని మీద పెడదం."

పొద్దుగూకేదాకా నాతో పాటు బకెట్లతో తోడింది. ప్రతి బకెట్‌కూ ఎదురుచూశాను, ఇప్పుడంటుంది, "నేను జెప్పలేదా" అని ఇప్పుడంటుంది అని. అంటే తిరిగి ఏమనాలో కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాను. ఆమె అనలేదు. చేతులు కడుక్కుని, "చెమ్మ ఆరేదాంక మా ఇంట్ల ఉండుండ్రి" అంది.

ఆ రాత్రి వాళ్ల హాల్లో కూర్చున్నాను. అదే గాలి. వంటింట్లోంచి మా కోసం చేస్తున్న ఉప్మా పోపు వాసన వస్తోంది. ఆ గాలి, ఆ నల్లా, ఆ మందార చెట్టు, వీటిని చూసి కుళ్లుకోవడం నాకు అలవాటైపోయింది. కానీ ఆ రోజు నాకు కడుపు మండింది వాటిని చూసి కాదు. పొద్దుగూకేదాకా ఆమె ఆ ఒక్క మాట అనకుండా ఉండగలిగింది. నేనైతే ఆటో దిగకముందే అనేసేదాన్ని.