ఇరవై రెండు పాయింట్ నాలుగు

కోవిడ్ మొదటి ఏడాది మార్చిలో స్కూళ్ళు మూసేశారు. ఆ వారంలోనే మా అమ్మాయి చేత కెమిస్ట్రీ ట్యూషన్ మాన్పించాను. ట్యూషన్‌ని ఐర్లండ్‌లో గ్రైండ్ అంటారు. ఆ మాస్టారు ఇకమీదట కంప్యూటర్లో చెబుతానన్నాడు. కంప్యూటర్లో చెప్పించుకునే ఖర్మేంటి, ఇంట్లో నేను లేనా అన్నాను. నన్నెవరూ అడగలేదు. అయినా అన్నాను.

నా ధైర్యానికి కారణముంది. గుంటూరులో ఇంటర్ చదివేటప్పుడు మోల్ కాన్సెప్ట్ లెక్కల్లో మా హాస్టల్ మొత్తానికీ నాదే పైచేయి. పదార్థాన్ని గ్రాముల్లో కాకుండా అణువుల గుంపుల్లో లెక్కపెట్టే వ్యవహారం అది. చాలామంది అక్కడే చతికిలబడతారు. నేను మాత్రం లెక్కకి నలభై సెకన్లకి మించి తీసుకునేదాన్ని కాదు. తర్వాత సాఫ్ట్‌వేర్లో పడి, పెళ్ళి చేసుకుని, ఐర్లండ్‌లోని ఈ కాజిల్‌బార్ వచ్చి చేరాక ఆ గొప్ప చూపించుకునే సందర్భమే రాలేదు. పాతికేళ్ళకి ఇప్పుడొచ్చింది.

మా అమ్మాయి అప్పుడు లీవింగ్ సర్ట్‌కి చదువుతోంది. మన ఇంటర్ పరీక్ష లాంటిదే, దాని మార్కులతోనే కాలేజీలో సీటు. వాళ్ళ నాన్న ఇక్కడి ఆసుపత్రిలో మనుషుల డాక్టరు. ఈ పిల్లేమో పశువుల డాక్టరవుతానని పట్టు. రెండేళ్ళప్పుడు వచ్చి ఈ మేయో జిల్లాలో పెరిగింది, మనుషుల కంటే గొర్రెల్నే ఎక్కువ చూసింది, ఇంకేమవుతానంటుంది? కెమిస్ట్రీ గ్రేడు ఒక్క మెట్టు జారినా ఆ సీటు రాదు. గ్రైండ్ మాన్పించింది నేను కాబట్టి, జారితే ఆ పాపం నాదే.

ఆయన ఆ రోజుల్లో ఆసుపత్రి నుంచి రాగానే వెనక తలుపులోంచి వచ్చి, స్నానం చేసి, మేడమీది చిన్న గదిలోకి వెళ్ళి తలుపేసుకునేవారు. అన్నం ప్లేటు గుమ్మం బయట పెట్టేదాన్ని. లోపల దగ్గు వినపడితే ప్లేటు చేతిలో ఉండగానే నిలబడిపోయేదాన్ని. రోజంతా మాస్కు పెట్టుకుని గొంతు ఎండిపోతోందంతే అనేవారు. సరేనని కిందికి వచ్చేసేదాన్ని, కానీ చెవులు మాత్రం పైనే ఉండేవి.

సాయంత్రం ఆరింటికి వంటింటి బల్ల దగ్గర క్లాసు. మొదటి రోజు పుస్తకంలో లెక్క చూసి, దాని కింద చూసి, పేజీ తిప్పి వెనక కూడా చూశాను.

"ఆప్షన్లు ఏవే?"

ఆప్షన్లు లేవట. మెట్టు మెట్టుకీ మార్కులట, అన్నీ రాసి చూపించాలట. మా చదువంతా నాలుగు ఆప్షన్ల చదువు. క్లోరిన్ పరమాణు భారం ముప్ఫై అయిదున్నరని ఓసారి ముప్ఫై అయిదు చేస్తాం, ఓసారి ముప్ఫై ఆరు చేస్తాం, చివరికి ఎక్కడో తేలతాం, అక్కడికి దగ్గర్లో ఉన్న ఆప్షన్‌కి టిక్కు పెడతాం. ఇక్కడ తేలడానికి ఒడ్డే లేదు. ఆరోజు నా జవాబు పది రెట్లు ఎక్కువొచ్చింది. వచ్చిందని కూడా నాకు తెలియలేదు, మా అమ్మాయి చెప్పింది.

రెండో రోజు నుంచి ప్రతి లెక్క పక్కనా నేనే నాలుగు ఆప్షన్లు రాసివ్వడం మొదలుపెట్టాను. మూడు తప్పు జవాబుల్ని నమ్మేలా తయారుచేయడం మామూలు పని కాదు, ఆఫీసు మీటింగుల్లో కూడా అదే ఆలోచన. మా అమ్మాయి వాటిని చూసి "గ్రాండ్" అనేది. ఇక్కడ గ్రాండ్ అంటే బ్రహ్మాండం అని కాదు, సర్లే కానీ అని.

మాకు ఇంకో అలవాటుంది. ప్రశ్న మొత్తం చదవం. అంకెలేరుకుంటాం. గ్యాసు, లీటర్లు అని కనిపించిందా, ఇరవై రెండు పాయింట్ నాలుగు. ఏ గ్యాసైనా ఒక మోల్ ఆక్రమించేది అన్ని లీటర్లే. నా ఫోన్ నంబరైనా మర్చిపోతాను గానీ ఈ అంకె మర్చిపోను.

ఏప్రిల్లో టీచరు ఒక హోంవర్క్ ఇచ్చింది. పొద్దున పదింటికల్లా ఫోటోలు తీసి పంపాలి. అమ్మాయి ఇంకా లేవలేదు, కాగితాలు బల్లమీద ఉన్నాయి. అయిదు గ్రాముల సున్నపురాయి మీద యాసిడ్ పోస్తే ఎన్ని లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుందని లెక్క. తను ఒకటి పాయింట్ రెండు అని రాసింది. నేను నిలబడే చేశాను, ఒకటి పాయింట్ ఒకటి రెండు. పాపం, నిద్రమత్తులో ఒక ఒకటి మింగేసిందనుకున్నాను. పై మెట్టులో ఇరవై నాలుగని పెన్సిల్‌తో రాసుంటే అదీ చెరిపి, తన చేతిరాతలోనే నా అంకె వేశాను. ఆ పూట టీ కూడా ఎంతో బాగా కుదిరింది.

మే నెలలో పరీక్షలే రద్దు చేశారు. అమ్మాయి ఎగిరి గంతేసింది, నేను పెళ్ళి ఆగిపోయిన ఇంట్లో మనిషిలా కూర్చుండిపోయాను. ఇప్పటిదాకా పిల్లలు చేసిన పనిని బట్టి టీచర్లే గ్రేడు అంచనా వేస్తారట. అయితే ఏప్రిల్ హోంవర్క్ కూడా లెక్కలోకొస్తుందని ఆ ప్రశ్నల కాగితం వెతికి తీశాను. సున్నపురాయి లెక్కని జీవితంలో మొదటిసారి చివరిదాకా చదివాను. "గది ఉష్ణోగ్రత దగ్గర" అని ఉంది. నా ఇరవై రెండు పాయింట్ నాలుగు సున్నా డిగ్రీల దగ్గరి మాట. గదిలో అయితే ఇరవై నాలుగు. అది కూడా ప్రశ్న చివర్లో అచ్చువేసే ఉంది.

పిల్ల సరిగ్గా చేసిన లెక్కని నా చేత్తో నేనే చెడగొట్టాను. టీచరుకి రాసి ఒప్పుకుందామంటే, గ్రేడుల గురించి తల్లిదండ్రులు టీచర్లతో మాట్లాడకూడదని స్కూలు నుంచి ఉత్తరం వచ్చింది. మాట్లాడితే పై అధికారులకి చెప్పేస్తారట. మెయిల్ రాశాను, కొట్టేశాను, మళ్ళీ రాశాను. మేడమీదికెళ్ళి ఆయన తలుపు దగ్గర మొత్తం చెప్పుకున్నాను.

"రాస్తే నేరం, రాయకపోతే పాపం," అన్నారు లోపల్నుంచి. "ముందా ప్లేటు కింద పెట్టు, అన్నం చల్లారిపోతోంది."

ఓ రోజు సూపర్‌మార్కెట్ లైనులో ఆ టీచరు సరిగ్గా నా ముందు రెండు మీటర్ల దూరంలో నిలబడింది. పలకరించింది. వాన గురించి మాట్లాడాను, వాన తర్వాత గాలి గురించి మాట్లాడాను. కార్బన్ డయాక్సైడ్ గుర్తొస్తుందేమోనని బుట్టలో ఉన్న వంట సోడా పొట్లాన్ని బ్రెడ్డు కిందికి తోసేశాను.

విచిత్రమేమిటంటే, పరీక్షలు పోయినా మా అమ్మాయి రోజూ ఆరింటికి నోటుబుక్కు పట్టుకుని వచ్చి కూర్చునేది. పై చదువుల్లో పనికొస్తాయనుకుంటోంది కాబోలనుకున్నాను. తన మొహం చూడలేక ఇంకా ఎక్కువ లెక్కలిచ్చేదాన్ని. ఎండలొచ్చే వేళకి ఆయన చిన్న గది వదిలి మా గదిలోకి వచ్చారు. దగ్గూ తగ్గింది.

సెప్టెంబరులో ఫలితాలొచ్చాయి. కావలసిన గ్రేడు వచ్చింది, సీటూ వచ్చింది. ఇక నావల్ల కాలేదు. వంటింట్లో నిలబెట్టి చేసిన ఘనకార్యం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. పైకెళ్ళి ఫైలూ, నోటుబుక్కూ తెచ్చి బల్లమీద పెట్టింది. హోంవర్క్ కాగితంలో నా ఇరవై రెండు పాయింట్ నాలుగు మీద నీలం పెన్నుతో అడ్డగీత, దాని పక్కనే ఇరవై నాలుగు. ఫోటో తీసే ముందే చూసుకుందట. నేను ముట్టుకున్న ప్రతిదీ మొదటి వారం నుంచే మళ్ళీ చూసుకుంటోందట. నాలుగు నెలలు నేను పడ్డ నరకమంతా దండగ.

మరి పరీక్షలు పోయాక కూడా ఎందుకొచ్చి కూర్చున్నావే అని కోపంగానే అడిగాను. తను ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడుతుంది, ఇదీ సగం అందులోనే చెప్పింది.

"నాన్న దగ్గినప్పుడల్లా యు జస్ట్ ఫ్రోజ్, అమ్మా. సమ్స్ చేసేటప్పుడు మాత్రం నీకు వినపడేది కాదు."

ఆ వేళప్పుడు ఆయన దగ్గేవారు కాదనుకున్నాను ఇన్నాళ్ళూ. ఏడుపొచ్చింది. పిల్ల ముందు ఏడవడం ఇష్టం లేక నోటుబుక్కు పేజీలు తిప్పుతూ కూర్చున్నాను. ఒక లెక్క పక్కన నేను కష్టపడి తయారుచేసిన నాలుగు ఆప్షన్లున్నాయి. వాటిలో ఒక్కటీ సరైంది కాదు. వాటి కింద పెన్సిల్‌తో, నా కళ్ళజోడుకి అందీ అందనంత చిన్న అక్షరాల్లో, తను అయిదో ఆప్షన్ రాసుకుని టిక్కు పెట్టుకుంది.