మా అత్త మందు ముద్దలు

మా అత్తకు ముట్లు ఆగిపోయిన ఏడాదే మా ఊళ్లో పోలీసు క్యాంపు పడింది. అప్పటికి నాకు పెళ్లయి రెండేళ్లు. మొగుళ్లపల్లి పక్క పల్లె నుంచి తరిగొప్పుల దగ్గరి ఈ ఊరికి కోడలిగా వచ్చాను. ఇంకా పిల్లలు లేరు. ఇంట్లో ముగ్గురమే: అత్త, నా భర్త, నేను. మామ నేను రాకముందే పోయాడు.

క్యాంపు వాళ్లు బడిలో దిగారు. దొరల మీద తిరగబడి అడవి పట్టిన సంఘం వాళ్లకు ఎవరు అన్నం పెడుతున్నారో కనిపెట్టడం వాళ్ల పని. ఏ ఇంట్లో ఎంత వండుతున్నారు, ఎంతమంది తింటున్నారు అని ఆరా తీసేవాళ్లు. ఊళ్లో ఎవరూ ఎవరినీ నమ్మేవాళ్లు కాదు. నేనూ నమ్మలేదు. నా అనుమానం మాత్రం మా అత్త మీద.

ఆ చలికాలం ఆమె తీరు మారింది. పొయ్యి ముందు కూర్చున్న మనిషి ఉన్నట్టుండి లేచి, కొంగు తీసేసి చాటతో విసురుకునేది. మొహం ఎర్రబడి మెడంతా చెమటలు కారేవి. కాసేపటికే చలి అంటూ గొంగడి కప్పుకునేది. ఒకరోజు కూరలో ఉప్పు తక్కువైందని గిన్నెను వాకిట్లోకి విసిరేసింది. తర్వాత తనే వెళ్లి దాన్ని తీసుకొచ్చి, కడుగుతూ ఏడ్చింది. ఏమైందని అడిగితే, "ఏం లేదు, నీ పని నువ్వు జూస్కో" అంది. నాకు పద్దెనిమిదేళ్లు. ముట్లుడిగే వయసులో ఆడవాళ్లకు ఇలా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

ఆ తర్వాత తండా నుంచి ఒక లంబాడామె మా ఇంటికి రావడం మొదలైంది. వారానికోసారి కట్టెల మోపుతో వచ్చేది. కొంగులో ఒక మూట ఉండేది. అత్త ఆమెను లోపలి అర్రలోకి తీసుకెళ్లి తలుపు వేసేది. ఆమె వెళ్లాక మూటలోని గడ్డలు కడిగి, కోసి, ఎండబెట్టి దంచేది. అవి పిల్లితీగ గడ్డలని నాకు తర్వాత తెలిసింది. ఆ పొడిలో వేయించిన అవిసెలు, నువ్వులు, బెల్లం కలిపి ముద్దలు కట్టి ఒక కుండలో దాచేది.

"ఏందత్తమ్మా గిది?" అని అడిగాను.

"మందు."

"దేనికి?"

"నీకెందుకు? ముట్టకు."

ఆ మాట నన్ను పురుగులా తొలిచింది. మొదట ఆ మందు నాకేనేమో అనుకున్నాను. నాకు పిల్లలు కాకుండా చేసి, కొడుక్కి ఇంకో పెళ్లి చేస్తుందని భయపడ్డాను. కంచంలో అన్నం వాసన చూసి తినేదాన్ని. తర్వాత కుండ మీద కన్నేశాను. ఆమె పొద్దున ఒకటి, మాపటికి ఒకటి తినడం నేను చూస్తూనే ఉన్నాను. నిండా ఉన్న కుండ నాలుగు రోజులకే సగమైంది. మిగిలినవి ఎటు పోతున్నాయి? బెల్లం, నువ్వులు అడవిలో తిరిగేవాళ్లు మూటకట్టుకునే తిండి. తండా ఉన్నది అడవి అంచున. ఇంకేం కావాలి, సంగతి తెలిసిపోయిందనుకున్నాను.

భర్తకు చెబితే తల్లి మాటే నమ్ముతాడని చెప్పలేదు. ఆ ఊళ్లో నేను మనసు విప్పి మాట్లాడే మనిషి ఒక్క పొరుగామే. బావి దగ్గర ఆమెతో, "మా అత్త ముద్దలు జేసి లోపలి అర్రల దాచి యాడికో పంపుతున్నట్టున్నదక్కా" అన్నాను. ఆమె బిందె ఎత్తుకుంటూ, "గసొంటి మాటలు బయట అనకు పిల్లా" అంది.

మూడో రోజు పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే నలుగురు పోలీసులు వచ్చారు. నా భర్త అప్పటికే పొలం వెళ్లాడు. వాళ్ల జమాదారుకు తెలుగు రాదు. మాటలు చెప్పడానికి ఊళ్లోని ఒక పెద్దమనిషిని వెంట తెచ్చుకున్నాడు. ఇల్లంతా వెతకలేదు. నేరుగా లోపలి అర్రలోకి పోయి కుండ పట్టుకొచ్చారు. బావి దగ్గర నేనన్న మాటే వాళ్లను ఆ అర్ర దాకా నడిపించింది.

"గివి ఎవలికి జేసినవ్?" అని పెద్దమనిషి అడిగాడు.

"నాకే," అంది అత్త.

"గిన్ని ముద్దలు ఒక్కదానివే తింటవా? ఎందుకు?"

అత్త తల వంచుకుంది. గోడ మీదుగా ఇరుగుపొరుగు చూస్తున్నారు. జమాదారు లాఠీతో కుండను తట్టాడు. ఆమె కొంగు సర్దుకుని తలెత్తింది.

"నాకు ముట్లు ఆగినయ్. ఒళ్లంత మంటలు లేస్తున్నయ్. నిద్ర వడ్తలేదు. గందుకు తింటున్న. గదే ఆయనకు జెప్పు."

పెద్దమనిషికి ఆ మాట నోట రాలేదు. ఆడవాళ్ల మందు అని జమాదారు భాషలో ఏదో గొణిగి పక్కకు తిరిగాడు. జమాదారు నమ్మలేదు. ఒక ముద్ద ఆమెకిచ్చి తినమని సైగ చేశాడు. ఆమె తింది. ఇంకొకటి నాకు అందించాడు. నా చెయ్యి ముందుకు పోలేదు. జమాదారు నన్నూ కుండనూ మార్చి మార్చి చూశాడు. అత్త కూడా నన్నే చూస్తోంది. ఆ చూపు తట్టుకోలేక ముద్ద తీసుకుని తిన్నాను. బెల్లం తీపిలో కొద్దిగా చేదు, అంతే.

అయినా అత్తను తీసుకుపోయారు. తండా నుంచి ఆ లంబాడామెనూ పట్టుకొచ్చారు. నా భర్త ఊరి పెద్దలను వెంటబెట్టుకుని వెళ్తే, మర్నాడు మధ్యాహ్నానికి అత్తను వదిలారు. ఆమెను ఎండలో నిలబెట్టారట. లంబాడామెను కొట్టారు. ఇంకో రెండు రోజులు ఉంచుకుని పంపారు.

అత్త ఇంటికి వచ్చాక మంచినీళ్లిచ్చాను. తాగి, "మిగిలినయి ఎవలికిచ్చినవని ఒకటే అడుగుడు. నేనే తిన్న అన్న" అంది.

"మరెవలికిచ్చినవత్తమ్మా?"

ఆమె చెంబు పక్కన పెట్టింది. "ఇద్దరాడోళ్లకు. వాళ్లకూ గిదే బాధ. ఇంట్ల జెప్పుకోలేరు. పేర్లు నీకు జెప్ప."

ఆ తర్వాత పొరుగామె నేను వెళ్లే వేళకు బావి దగ్గరికి రావడం మానేసింది. ఆమె ఎవరితో అందో, ఎవరు క్యాంపుకు మోశారో నాకు ఇప్పటికీ తెలియదు. అత్త కొన్నాళ్లు తన అన్నం తనే వండుకుంది. గడ్డలు తెచ్చేవాళ్లు లేరు. మంటలు మళ్లీ ఎక్కువయ్యాయి. ఒకరోజు ఆమె గుమ్మంలో కూర్చుని రొప్పుతుంటే చూడలేక, "బాయికాడ ఆ మాట అన్నది నేనే అత్తమ్మా" అన్నాను.

ఆమె తిట్టలేదు. "నాకు జెప్తే ఏమొస్తది? దెబ్బలు తిన్నదానికి పోయి జెప్పు" అంది.

మరునాడు ఒక్కదాన్నే తండాకు నడిచాను. లంబాడామె గుడిసె ముందు ఇప్పపువ్వు ఆరబోస్తోంది. నన్ను చూడగానే చేతులు ఆగిపోయాయి.

"ఎవలు పంపిండ్రు నిన్ను?"

"మా అత్త." జరిగిందంతా చెప్పాను. ఆమె నా మొహం వంక కాదు, నా వెనక దారి వంక చూస్తూ విన్నది. గడ్డలు ఉన్నాయా అని చివరికి అడిగాను.

"లెవ్వు," అంది. ఆమె వెనక చాపమీద అవి ఎండుతూనే ఉన్నాయి. నేను చూశానని ఆమెకూ తెలుసు.

ఉత్త చేతులతో ఇంటికి వచ్చి చెప్పాను. "ఎట్ల ఇస్తది?" అంది అత్త. ఆ సాయంత్రమే నువ్వులు, అవిసెలు నా చేతికిచ్చి వేయించమంది. గడ్డల పొడి లేకుండానే ముద్దలు కట్టాం. వాటితో గుణం కనబడిందా అని తర్వాత అడిగితే, "తెల్వది. గడ్డలు కలిపి తిన్నప్పుడు జర నిద్రవట్టేది" అంది. మంటలు తగ్గడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. లంబాడామె మా ఊరికి కట్టెలు తెస్తూనే ఉండేది. మా వాడ వైపు మాత్రం మళ్లీ రాలేదు.