డొంకూరు దిబ్బ మీది నీరువావిలి

2001 మే: డొంకూరు తీరంలోని ఇసుకదిబ్బ మీది మొక్కలను తొలగించవద్దని నేనిచ్చిన అర్జీని అటవీశాఖ కార్యాలయంలో చదవకుండానే పక్కన పెట్టారు.
ఆగస్టు: దిబ్బను చదును చేసి సరుగుడు నాటారు.
2002 జనవరి: “పోయింది వావిలే కదా, ప్రతి పొలం గట్టునా ఉంది” అని ఆ కార్యాలయపు అధికారి నోటిమాటగా చెప్పారు. రాసి ఇవ్వమంటే నవ్వారు.

అప్పట్లో నేను కాశీబుగ్గలోని ఒక కళాశాలలో వృక్షశాస్త్రం బోధించేవాడిని. గట్టు మీదిది వావిలి. దిబ్బ మీదిది నీరువావిలి. దగ్గరి చుట్టరికమున్న రెండు వేర్వేరు జాతులు. వావిలి ఆకు సాధారణంగా ఐదు చిట్టాకులుగా చీలి ఉంటుంది. ఒక్కోసారి మూడే ఉంటాయి. కనుక లెక్కపెట్టి తీర్పు చెప్పరాదు, నడిమి చిట్టాకును చూడాలి. వావిలిలో దానికి స్పష్టమైన కాడ ఉంటుంది. నీరువావిలిలో ఉండే మూడు చిట్టాకులూ కాడ లేకుండా ఒకేచోట అతుక్కుని ఉంటాయి. దీని పువ్వు కాస్త పెద్దది, నీలం చిక్కన. రెండింటికీ హెర్బేరియం షీట్లు, అంటే ఎండబెట్టి అట్టకు కుట్టిన నమూనాలు, తయారుచేసి ఆ మే నెలలోనే సరుగుడు తోటపని సూపర్‌వైజరుకు దిబ్బ మీద చూపించాను.

“అదీ వావిలే, ఇదీ వావిలే మేస్టారూ. సెలవుల్లో మీకు ఊసుపోట్నేదేటి?” అన్నాడతను.

పక్కనే ఆకు కోస్తున్న నీలమ్మ ఊరుకోలేదు. ఆమె ఆ ఊళ్లోనే చేపలమ్ముతుంది. కూతురు నాగమణి అప్పుడే ప్రసవించింది. బాలింతకు వావిలాకు మరిగించిన నీళ్లు పోయడం మా ప్రాంతమంతటా ఉన్నదే. డొంకూరులో ఆ ఆకు దిబ్బ మీదిదే కావాలి.

“నీ సరుగుడాకు మరగెట్టి నీ ఇంటిదానికి పొయ్యి, సూద్దాం!”

“పోత్తాను గానీ అత్తా, నీళ్లు నువ్వే మొయ్యాల.”

అందరూ నవ్వారు. నమూనాలను మాత్రం ఎవరూ చూడలేదు.

2003లో నాగమణికి రెండో కాన్పు. దిబ్బ ఆకు నా దగ్గర దొరుకుతుందేమోనని నీలమ్మ మా ఇంటికి వచ్చింది. గట్టు మీది వావిలి కోసి ఇచ్చాను. వాసన చూసింది.

“ఇదీ మంచిదే బావూ, కాదన్ను. కానీ బాలింత దగ్గిరికెల్తే మా దిబ్బ వోసన రావాల కదా.”

కట్ట తీసుకుని వెళ్లిపోయింది. ఆమె వెళ్లాక నా నీరువావిలి షీటు తీసి చూశాను. కాడలేని ఆకులు చెక్కు చెదరలేదు. పువ్వు గోధుమరంగుకు తిరిగింది. ముక్కుకు ఆనించుకుంటే అట్ట వాసన.

జాతుల తేడాను కాగితం మీద నిలపవచ్చు. ఆ తేడాతో బతికిన ఊరికి కాగితం అక్కరకు రాదు. ఆ ఉదంతం నాకు నేర్పింది ఇదే.

కనుక ఆ కార్యాలయాన్ని అడుగుతున్నాను. ఈ తీరంలో నీరువావిలి ఇంకా ఎక్కడ బతికి ఉందో, చోటు పేరుతో, సంతకంతో రాతపూర్వకంగా తెలియజేయాలి. కొమ్మ తెచ్చి నాటుకోవడానికి నీలమ్మా నేనూ వెళ్తాం. ఎక్కడా లేదంటే, లేదనే రాసి ఇవ్వాలి. నోటిమాటను జవాబుగా స్వీకరించను.