పాషా పళ్లు, పాషా సన్నాయి

మూడేళ్ల కిందట, రాయికల్‌లో మా చెల్లెలి మనుమరాలి పెళ్లి. పిల్లా పిల్లగాడూ పీటల మీద ఉన్నారు. మా పక్కింటి పాషా సన్నాయిలో ఆనందభైరవి ఎత్తుకున్నాడో లేదో, పొద్దున్నుంచీ పందిరంతా తనదే అన్నట్టు తిరుగుతున్న పిల్లగాడి మేనమామ వచ్చి మీద పడ్డాడు.

"ఆపు నీ ఏడ్పు. డీజేల పాట పెడ్తం, పోరగాండ్లు ఎగురుతరు."

పాషా గొంతు పెంచలేదు. సన్నాయి దించి, ఊదే పీకను తుడిచి, గుడ్డలో చుట్టాడు. పక్కన డోలు కొట్టే హన్మండ్లు కూడా డోలు మెడలోంచి తీసి కింద పెట్టాడు.

"పెట్టుండ్రి సేటు. పుస్తె కట్టేటప్పుడు గట్టిమేళం సుత గా డబ్బలనే కొట్టుమనుండ్రి."

పంతులు మంత్రం ఆపేశాడు. మేళం లేకుండా పుస్తె కట్టించనని మూతి ముడుచుకుని కూచున్నాడు. ముహూర్తం జారిపోతోందని రెండు వైపులవాళ్లూ ఒక్కటై మేనమామ మీద పడ్డారు. చివరికి అతనే పోయి డీజే వైరు పీకి, పాషా ముందు చేతులు జోడించాడు. నేను అందరికీ వినబడేట్టు నవ్వాను. నవ్వొస్తే మింగే అలవాటు నాకు లేదు.

కోరుట్లలో పాషా ఇంటికీ మా ఇంటికీ మధ్యన ఒక్కటే గోడ. నేను రెండో తరగతి దాటలేదు, రాగాల పేర్లు పాషా చెబితేనే తెలిసినవి. కానీ ఆ గోడకు వీపు ఆనించి బీడీలు చుడుతూ ముసలిదాన్నయ్యాను. ఏది నిలిచిందో, ఏది జారిందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

అతను పుట్టింది సిరిసిల్లలో. తండ్రి సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేసేవాడు. అదే గల్లీలో గుడి సన్నాయి వాయించే ముసలాయన ఒకడుండేవాడు. నమాజు చదివే ఇంటి పిల్లవాడు దేవుడి సన్నాయి ఏం పడతాడని నలుగురూ అంటే, ఆయన విననట్టే ఊరుకున్నాడు. పిల్లవాణ్ణి తీసుకుపోయి నడిచే సాంచాల మోత మధ్య కూచోబెట్టి, గల్లీ చివర కూచున్న తన చెవికి చేరేదాకా ఊదమన్నాడు. పాషా ఊపిరి అక్కడ పెరిగింది. తర్వాత జగిత్యాల గుళ్లలో ఉత్సవాలు, మెట్‌పల్లి పసుపు వ్యాపారుల ఇళ్లలో పెళ్లిళ్లు. ఒకసారి హైదరాబాదు పిలిచి రేడియోలో కూడా వాయింపజేశారు. కోరుట్లలో మా గల్లీ అంతా మా ఇంట్లో కూచుని విన్నది, అందరూ ఆహా అన్నారు. చివరికొచ్చేసరికి బస్సు దొరకనివాడిలా ఉరికావని నేను అన్నాను. అతని భార్య ఇమాంబీ చాలా రోజులు నాతో మాట్లాడలేదు. పాషా మాత్రం నిజమేనని ఒప్పుకున్నాడు.

ఊరేగింపు బ్యాండువాళ్లు పట్టుకుపోయారు, విందు డీజే పట్టుకుపోయింది. సన్నాయికి పుస్తె కట్టే ఆ కాస్త సేపే మిగిలింది. దాన్ని కూడా పాషా చేజేతులా పోగొట్టుకున్నాడు.

పోయినేడు చిగుళ్లు వాచి, ముందుపళ్లు కదిలాయి. జగిత్యాలలో ఉచిత శిబిరమని పోయాడు. డాక్టరు కదిలేవన్నీ తీసేసి, పెట్టుడు పళ్లు ఇచ్చాడు. గట్టి పళ్లొచ్చాయి, ఇక సన్నాయి ఇంకా బాగా పలుకుతుందని సంబరంగా ఇంటికొచ్చాడు. పీకను పట్టేది పెదవులే, కానీ ఆ పెదవులకు వెనక గోడలా నిలిచేవి పళ్లే. గట్టిగా ఊదితే పెట్టుడు పళ్లు జారుతాయి. తీసి ఊదితే పెదవులు లోపలికి పడి, గాలి పక్కనుంచి పోతుంది.

సన్నాయి వాయిస్తానని ఆ డాక్టరుకు చెప్పలేదా అని అడిగాను.

"ఏం పని జేస్తవన్నడక్క. ఖాళీగుంటున్న అన్న. గా సీజన్ల నన్నెవలు పిలువలేదాయె."

తిట్టడానికి తెరిచిన నోటితో దారం కొరికి, ఇంకో బీడీ ఆకు తీసుకున్నాను.

ఆనాటి నుంచి రోజూ తెల్లవారగానే గోడ అవతల సాధన. పైస్వరానికి పోయేసరికి పగులుతుంది. మళ్లీ మొదలుపెడతాడు, మళ్లీ అక్కడే పగులుతుంది. వంటింట్లోంచి ఇమాంబీ, నిన్నటికంటే నయమంటుంది. హన్మండ్లు వచ్చి, రోజురోజుకూ సాఫవుతోందంటాడు. ప్రేమతో చెప్పే అబద్ధం, దానికేం మందు వేస్తాం? పాషాకు తన చెవి మీద కూడా నమ్మకం పోయింది. ఊదుతున్నప్పుడు లోపల పాత స్వరమే వినిపిస్తుందట.

ఇప్పుడు మేడిపల్లి నుంచి పిలుపొచ్చింది. ఆ పెళ్లికూతురి తాత లగ్గానికి కూడా పాషాయే వాయించాడట, అతనే కావాలని ఆ తాత పట్టుబట్టాడు. పుస్తె పడేటప్పుడు సన్నాయి పగిలితే అపశకునమంటారు. ఆ పిల్లకు రేపు ఏ కష్టమొచ్చినా పాషా పేరే తీస్తారు. రానని చెప్పమన్నాను. రాత్రంతా అదే ఆలోచించాడట గానీ, చెప్పడానికి నోరు రాలేదట.

ఈ పొద్దున నా బీడీల చాట ముందు వచ్చి కూచున్నాడు. పళ్లు పెట్టుకోలేదు, బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. మేడిపల్లికి తనతో రమ్మన్నాడు. ఇమాంబీని తీసుకుపొమ్మన్నాను.

"ఇమాంబీ నాతోని బతకాలె, గామె చెప్పదు. హన్మండ్లు నా దిక్కు సుత చూడడు. నువ్వు రావాలె అక్క. పందిట్ల నా ముందటనే కూసో. పుస్తెకు ముందుగాల రాగం ఊదుత, గప్పుడు స్వరం పగిల్తె లేసి అవుతలికి పో. నిన్ను చూసి నేను సన్నాయి దించుత, హన్మండ్లు డోలుతోని కానిస్తడు, ఇగ మల్ల ముట్ట. పుస్తె పడక ముందే లేసిపో, అక్క."