స్టాండు వట్టు

ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నం పూట బ్లాస్టింగ్ జరిగితే గోదావరిఖనిలో మా క్వార్టరు ఊగుతుంది. వంటింటి గోడకున్న గిన్నెల స్టాండు గలగలమంటుంది. ఆ చప్పుడుకు భయపడని రోజు నాకు చిన్నప్పటి నుంచీ లేదు. పరుగెత్తుకెళ్లి ఒక చేత్తో స్టాండును, ఇంకో చేత్తో పక్కన ఎవరుంటే వాళ్లను పట్టుకునేదాన్ని. డిగ్రీ చదివే వయసుకు వచ్చినా ఆ అలవాటు పోలేదు.

మా అన్న పెళ్లయ్యాక వదిన ఇంటికొచ్చింది. రామకృష్ణాపూర్‌లో బొగ్గు గనుల మధ్యే పుట్టి పెరిగిన మనిషి కాబట్టి ఆమెకు ఈ పేలుళ్లు ఒక లెక్క కాదు. ఒకరోజు నేను స్టాండు పట్టుకుని ఆమె నడుం వాటేసుకుంటే పగలబడి నవ్వింది.

"పిల్లా, నువ్వు వణుకుతున్నవా, డాన్స్ జేస్తున్నవా? నీ మోకాళ్లు మస్తు ఆడుతున్నయి!"

అంటూనే కుక్కరు మూత మీద దరువు మొదలుపెట్టింది. అప్పటికే నేను కాలేజీలో ర్యాప్ రాసి పాడుతుండేదాన్ని. వణుకు తగ్గకముందే నోటికొచ్చింది అందుకున్నాను.

"ఇల్లు ఊగె, పళ్లెమూగె, గోడమీద బల్లి ఊగె,
స్టాండు వట్టు, స్టాండు వట్టు, ఊగకుంట నన్ను వట్టు!"

ఒక చెయ్యి పైకెత్తి స్టాండు పట్టుకోవడం, ఇంకో చెయ్యి పక్కవాళ్ల నడుం చుట్టూ వెయ్యడం నాది. చివర్లో రెండు కాళ్లతో నేలను దబ్బున తన్నడం వదిన చేర్చింది. అన్న ఫోన్‌లో వీడియో తీసి నెట్‌లో పెట్టాడు.

నెల తిరిగేసరికి ఆ స్టెప్పు మా చేతుల్లో లేదు. పెళ్లి బరాతుల్లో వేశారు. జ్యోతినగర్‌లో ఇంజనీర్ల పిల్లలు బడి వార్షికోత్సవంలో వేశారు. బసంత్‌నగర్ దగ్గర లారీల వాళ్లు టీ కొట్టు ముందు వరుసగా నిలబడి, ఒకరి నడుం ఒకరు పట్టుకుని వేసిన వీడియో చూసి మా అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆడబిడ్డా వదినా కలిసి ర్యాప్ పాడతారట అని మమ్మల్ని కాలేజీలకూ దుకాణాల ఓపెనింగులకూ పిలవసాగారు.

మొదటి ప్రోగ్రాం ముందు నేను వాంతి చేసుకున్నాను. వదిన నా మొహం కడిగి, "జనాన్ని సూడకు. నన్ను సూడు. మనింట్లనే ఉన్నమనుకో," అంది.

జనాన్ని చూడకుండా ఉండటం నా చేతనైంది. కానీ మైదానం మొత్తం ఒక్కసారిగా నేలను తన్నినప్పుడు స్టేజీ చెక్కలు అదిరి, ఆ అదురు నా అరికాళ్ల నుంచి పళ్లదాకా వచ్చేది. నాకు అచ్చం బ్లాస్టింగే. నేను నిజంగానే వణికేదాన్ని. చూసేవాళ్లు మాత్రం "ఆ అక్క మోకాళ్లు చూడు, ఏం ఆడిస్తోంది!" అని చప్పట్లు కొట్టేవారు.

ఒక సాయంత్రం మంచిర్యాల వైపు ఒక ఊళ్లో, బడి మైదానంలో ప్రోగ్రాం. ఇంకా వెలుతురుంది. జనం ఎక్కువై, కుర్రాళ్లు పక్కనున్న సైకిళ్ల షెడ్డు మీదికెక్కారు. పాట సగంలో ఉండగా చూశాను. వాళ్లు తన్నినప్పుడల్లా రేకులు నడుమ కిందికి దిగి మళ్లీ పైకి లేస్తున్నాయి. షెడ్డు కింద ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని నిలబడి ఉన్నారు.

నేను పాట ఆపాను, స్పీకర్లలో దరువు మాత్రం మోగుతూనే ఉంది. స్టేజీ కింద నుంచి నిర్వాహకుడు అరిచాడు. "ఆపకుర్రి! ఆపితే అందరు గిటు స్టేజీ మీదికే దుంకుతరు!"

వదిన వైపు చూశాను. ఆమె కూడా షెడ్డునే చూస్తోంది. మైకు పట్టుకున్న చెయ్యి కిందికి జారిపోయింది. ఆమె భయపడటం నేను చూడటం అదే మొదటిసారి. దాంతో నాకు ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. మాట వస్తుందో రాదో తెలియకుండానే దరువులో కలిపి అన్నాను.

"షెడ్డు మీది అన్నలారా, కూసోండ్రి, కూసోండ్రి! కిందున్న అక్కలారా, జరుగుండ్రి, జరుగుండ్రి!"

జనం అది కొత్త చరణం అనుకున్నారు. మైదానమంతా "కూసోండ్రి, కూసోండ్రి" అని అందుకుంది. రేకుల మీదివాళ్లు నవ్వుతూ కూర్చున్నారు. కింది ఆడవాళ్లు ముందుకు జరిగారు. ఆ వెంటనే "దిగుండ్రి, దిగుండ్రి" అని ఆపకుండా అంటూ ఉన్నాను. ఒక్కొక్కరే దిగుతున్నారు. అప్పుడు చివరి రేకు విరిగి, దాని మీదున్న కుర్రాడు రేకుతో సహా కింద పడ్డాడు.

కాలు విరిగింది. ప్రాణానికి ప్రమాదం లేదన్నారు. ఇంటికొచ్చే దారిలో వదిన నా చెయ్యి వదల్లేదు. "ఆ తన్నుడు నేనే వెట్టిన గద పిల్లా," అని ఒక్కమాట అంది.

మర్నాడు దవాఖానకు వెళ్లాం. తిడతాడేమోనని గుమ్మం దగ్గరే ఆగిపోయాను. అతను మమ్మల్ని చూసి మంచం మీద లేచి కూర్చోబోయాడు.

"అక్కా! ఒక్క వీడియో అక్కా. నేను కట్టుతోటి, మీరు అటు ఇటు. గా స్టెప్పే!"

"వద్దు తమ్మీ," అన్నాను.

వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుంది. "తియ్యరాదు బిడ్డా! పొద్దుగాల సంది మీ కోసమే సూస్తున్నడు."

వదిన వరండాలోకి వెళ్లిపోయింది. నేను అతని పక్కన నిలబడి చెయ్యి పైకెత్తాను. ఆ వీడియోను మా పాటలన్నిటికన్నా ఎక్కువమంది చూశారు. మళ్లీ పిలుపులు మొదలయ్యాయి. ఫోన్ మోగితే బోర్లా తిప్పి పెట్టేదాన్ని.

ఆ తర్వాత హాళ్లలోనే పాడతామన్నాం. స్టెప్పులో తన్నుడు తీసేశాం. మేం తీసేసినా జనం తన్నడం మానలేదు. ఒక హాల్లో వదిన పాట మధ్యలో మైకు కింద పెట్టి దిగి వెళ్లిపోయింది. మిగతా పాట ఎలా పూర్తి చేశానో నాకు గుర్తులేదు. అదే మా ఆఖరి ప్రోగ్రాం. కొన్నాళ్లకు ఇంకెవరిదో స్టెప్పు వచ్చింది, మమ్మల్ని పిలవడం మానేశారు. ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం. వదిన బట్టలు కుడుతోంది. నేను వేరేవాళ్లకు పాటలు రాసిస్తాను, స్టేజీ ఎక్కను.

ఈ మధ్య ఇద్దరు అమ్మాయిలు వచ్చి మా పాట తామూ పాడుకుంటామని అడిగారు. వదిన మిషను ఆపి, "పాడుకోండ్రి. కని జనం ఏడేడ నిలవడుతరో ముందుగాల పోయి సూసుకోర్రి," అంది. సరే అక్కా అని తలూపారు. విన్నట్టు అనిపించలేదు. వాళ్ల ప్రోగ్రాం రోజు సాయంత్రం నుంచి నేను ఫోన్ చేస్తూనే ఉన్నాను, వాళ్లు ఎత్తేదాకా.