పోపుకి ముందు దాచిన చలికోట్లు

కెనడాలోని ఒషావాలో మేం పెరిగిన ఇల్లు అమ్మకానికి పెట్టాం. ప్రకటనలో ‘అన్ని దేశాల రుచులూ కలిసిన పేట’ అని గొప్పగా రాసిన తెలుగు ఏజెంటే కొనేవాళ్ళు ఇల్లు చూసుకునే ఓపెన్ హౌస్ గురించి నిన్న ఫోన్ చేశాడు. “అక్కా, ఓపెన్ హౌస్ అయ్యేదాకా పోపు పెట్టకండి. స్మెల్ వస్తే బయ్యర్స్ వెళ్ళిపోతారు.”

ఇక్కడే పెరిగిన నా ఈడువాళ్ళారా, మీకూ గుర్తుందా? నాన్న టొరంటో రైలుకి వెళ్ళగానే అమ్మ మా చలికోట్లన్నీ వాసన పట్టకుండా పడగ్గదిలో పడేసి, తలుపు కింద తడి తువ్వాలు కుక్కి, ఆ తర్వాతే ఇంగువ వేసేది. అప్పుడు స్కూల్లో ముక్కు మూసుకున్నవాళ్ళకి ఇప్పుడు మన రుచులు ముద్దొస్తున్నాయట. వాసన మాత్రం రాకూడదట!

ఈ ఉదయం ఓపెన్ హౌస్. కోట్లన్నీ హాల్లోనే వేలాడదీసి, చారులో ఇంగువ దండిగా వేశాను. ఏజెంట్ గుమ్మంలోనే “అక్కా, ఏంటిది?” అని బిత్తరపోయాడు.

“నువ్వు ప్రకటనలో రాసిందే, తమ్ముడూ” అన్నాను.