మామ అరచెయ్యి ఆనించి చూసిన పెట్టె

మా ఎదురింటి మామ పోయారన్న కబురు నేను డ్యూటీకి చెప్పులు వేసుకుంటుండగా వచ్చింది. ఆయన కోడలు గుమ్మంలో నిలబడి, నిద్రలోనే పోయారని గొంతు తగ్గించి చెప్పింది. లోపల మంచం మీద మా అమ్మ ఉంది, ఆమెకు అప్పుడే తెలియనివ్వకూడదని ఇద్దరమూ అనుకున్నాం. నాకు ఏడుపు రాలేదు. గోరిమేడు ఆసుపత్రి వార్డులో రోజంతా నిలబడే మనిషిని, దుఃఖం కూడా నాకు ఆలస్యంగానే అందుతుంది. చెప్పులు విప్పి గడప మీద కూర్చున్నాను.

మా కోసపాళయం వీధిలో ఎవరైనా పోతే, శవం కదిలేదాకా ఏ ఇంట్లోనూ టీవీ మోగదు. ఒకరు చెప్పాల్సిన పని లేదు. మా ఇంట్లో మాత్రం టీవీ పొద్దుటి నుంచి మోగుతూనే ఉంటుంది. ఆపితే అమ్మకు తెలిసిపోతుంది. ఆపకపోతే మామకు మర్యాద తప్పినట్టు. అసలు ఆ టీవీలో తెలుగు వినిపిస్తున్నదే ఆయన పుణ్యాన.

పక్షవాతం వచ్చినప్పుడు అమ్మకు కుడిచెయ్యితో పాటు తమిళం కూడా పోయింది. పుట్టినప్పటి నుంచి వీధిలో మాట్లాడిన భాష, ఒక్క మాట మిగల్లేదు; ఇంట్లో మాట్లాడుకునే తెలుగే మిగిలింది. పగలు చూసుకోవడానికి వచ్చే ఆవిడ తమిళంలో ఏదైనా అడిగితే బిత్తరపోయి చూసేది. కేబుల్లో తెలుగు ఛానళ్లు ఉండీ లేనట్టే ఉండేవి. మామే ఒక సాయంత్రం వచ్చి, మిద్దె మీద సొంతంగా డిష్షు పెట్టి, నెలనెలా కట్టే పని లేని రిసీవర్ ఒకటి కొందామన్నారు.

ఆ రిసీవర్ కోసం ఉప్పళంలో దుకాణాల చుట్టూ నన్ను తిప్పారు. పేరున్న కంపెనీయా కాదా అన్నది ఆయన అడగలేదు. పెట్టె చేతిలోకి తీసుకుని బరువు చూసేవారు. వెనక వైరు బిగించే మర గట్టిగా ఉందా అని తిప్పేవారు. దుకాణంవాడి చేత ఆన్ చేయించి, టీ తాగొద్దాం రమ్మనేవారు. తిరిగొచ్చాక మూత మీద అరచెయ్యి ఆనించి, పసిపిల్లకు జ్వరం చూసినట్టు కాసేపు అలాగే ఉంచేవారు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చిన నాకు కాళ్లు పీకేవి. ఏదో ఒకటి తీసుకుందాం మామా అన్నాను.

"నీకు ఏదో ఒకటి చాలమ్మా. అక్కకు పగలంతా అదే గదా తోడు," అన్నారు. "తొలిరోజు బొమ్మ అన్నిట్లోనూ వస్తాది. ఎండాకాలం దాటినాక గూడా రావాల."

చివరికి అన్నిటికన్నా బరువైనదాన్ని ఎంచారు. లోపల సరుకుంటేనే బరువుంటుందని ఆయన లెక్క. ఆ పెట్టె ఎండాకాలం రాకముందే చచ్చింది. మామ మా గడప మీద కూర్చుని స్క్రూలు విప్పి చూశారు. లోపల బిస్కెట్టంత బోర్డు, అడుగున మాత్రం దిట్టమైన ఇనప రేకు. దానికి ఏ పనీ లేదు, ఒట్టి బరువు కోసం బిగించారు. మిల్లులో ఉద్యోగం చేసినన్నాళ్లూ పత్తి బేళ్లు తూచిన మనిషి ఆయన. ఆ రేకును అరచేతిలో పెట్టుకుని తూచి చూశారు. తర్వాత దగ్గు వచ్చేదాకా నవ్వారు.

"నన్ను తూకంలోనే మోసం జేసినారు చూడు," అన్నారు.

రెండోసారి ఎదురుగా మూత విప్పించి, లోపల చూసి, గాలి ఆడే కంతలున్న సాదా పెట్టె తెచ్చారు. చేతిలో పెడితే బరువే లేదు, నాకు నమ్మకం కుదరలేదు. అదే ఇప్పటికీ ఆడుతోంది. ఆ ఇనప రేకును మిద్దె మీదికి తీసుకెళ్లి డిష్షు కాలి మీద పెట్టారు, సముద్రపు గాలికి కదలకుండా.

అప్పటి నుంచి అమ్మకు మాటలు మళ్లీ వచ్చాయి. వార్తలు చదివే అమ్మాయిని అన్నం తిన్నావా అని అడిగేది. వంటల కార్యక్రమంలో ఉప్పు ఎక్కువేస్తే కసురుకునేది. మా వీధిలో తెలుగు చదవడం వచ్చినవాళ్లు తక్కువ, నేను కూడా తెర కింద పరుగెత్తే వార్తలు కూడబలుక్కునే నేర్చుకున్నాను. మామ రోజూ సాయంత్రం వచ్చేవారు. ఎవర్నీ పలకరించకముందే పెట్టె మీద చెయ్యి పెట్టి, "వేడి లేదక్కా, బాగుంది," అనేవారు. నీకింక వేరే పని లేదా అని అమ్మ ఆటపట్టించేది. ఆయన వెళ్లాక నేను కూడా ఒకసారి చెయ్యి పెట్టి చూసేదాన్ని, ఎందుకో.

మామ పోయిన ఆ పొద్దున, చివరికి టీవీ ఆపేశాను. అమ్మ ఖాళీ తెర వైపు చూసింది, తర్వాత కిటికీ వైపు చెవి పెట్టింది. వీధిలో ఏ ఇంటి నుంచీ చప్పుడు లేదు.

"ఎవురు పోయినారు?" అంది.

వీధి చివర ఎవరోలే అన్నాను. నమ్మలేదు, అడగనూ లేదు. మధ్యాహ్నం చావు మేళం సరిగ్గా మా గుమ్మం ఎదుటే మొదలైంది. ఇంక దాచడానికేముంది? "తమ్ముడా?" అంది. తల ఊపాను. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

మేళం వీధి మలుపు తిరిగి వినబడకుండా పోయింది. ఒక్కో ఇంట్లో టీవీలు మళ్లీ మొదలయ్యాయి. నేను రిమోటు తీశాను. అమ్మ వద్దని తల ఊపి, ఎడమచెయ్యి పెట్టె వైపు చాచింది. వైరు అందేంత వరకు లాగి, పెట్టెను తెచ్చి ఆమె పక్కన మంచం మీద ఉంచాను. మామలాగే మూత మీద అరచెయ్యి ఆనించింది.

"చల్లగుంది," అంది.

పక్కింటి టీవీలో ఎవరో తమిళంలో గట్టిగా నవ్వుతున్నారు. అమ్మ చెయ్యి మాత్రం ఆ పెట్టె మీదే ఉంది.